విద్యా తత్వం రెండు పేజీలు రాయమన్నారా? ముందు ఒక నోటుబుక్కు కొనుక్కోండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డీఎస్సీలో ఎంపికై ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా చేరి మూడు నెలలైందనీ, ట్రైనింగులో "మీ వ్యక్తిగత విద్యా తత్వం" అని రెండు పేజీలు రాసి తెమ్మన్నారనీ రాశారు. డైట్‌లో, అంటే టీచర్ ట్రైనింగు కాలేజీలో రాసుకున్న నోట్సు తిరగేస్తే భావవాదం, ప్రకృతివాదం, వ్యవహారికసత్తావాదం కనిపించాయి గానీ మీదంటూ ఒక్క వాక్యం దొరకలేదన్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు: "అసలు ఇది రాస్తే నా తరగతి పిల్లలకు ఏమన్నా ఒరుగుతుందా?" ఆ ప్రశ్న అడిగినవాళ్ల దగ్గర తత్వం లేకపోదు. దాన్ని ఎక్కడ వెతకాలో తెలియలేదు, అంతే.

నేను ముప్పై ఏళ్లు ప్రాథమిక బడుల్లోనే పనిచేశాను. ఎక్కువ కాలం సీతంపేట కొండల్లో. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. రిటైరై రెండేళ్లయింది. నాకు ఈ విషయంలో తెలిసిందంతా ఒక తీసివేత లెక్క దగ్గర మొదలైంది, అందుకే అక్కణ్నుంచే చెబుతాను.

మూడో తరగతి. 52లోంచి 27 తీసెయ్యమన్నాను. ఒక పిల్లవాడు 35 అని వేశాడు. తప్పు కొట్టాను. కింద ఇంకో లెక్క, 64లోంచి 38. వాడు 34 వేశాడు. మళ్లీ తప్పు కొట్టి, పక్కన ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని కూడా రాశాను. వారం రోజులు ఇదే వరస. ఒకరోజు పొద్దున్నుంచీ వాన, బడికి ఎనిమిది మందే వచ్చారు. పాఠం చెప్పబుద్ధి కాక వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఎలా చేశావురా, నాకు చెప్పు" అన్నాను.

"ఏడులోంచి రెండు తీస్తే ఐదు. ఐదులోంచి రెండు తీస్తే మూడు."

"పైన ఉన్న రెండులోంచి కదరా కింద ఉన్న ఏడు తియ్యాల్సింది?"

"మీరే కదా మాస్టారూ సెప్పినారు, ఎప్పుడూ పెద్ద అంకెలోంచే సిన్నది తియ్యాలని."

నిజమే. నేనే చెప్పాను, ముందటేడు, ఒక్క అంకె తీసివేతలు నేర్పేటప్పుడు. వాడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తరగతి మొత్తంలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు వాడొక్కడే. వాడి పుస్తకంలోనే నేను "శ్రద్ధ లేదు" అని రాసింది.

ఆ రోజు చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి మళ్లీ మొదటి నుంచి చేశాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు పుల్లలు ఇమ్మంటే విడివి చాలవు కాబట్టి వాడే ఒక కట్ట విప్పాడు. అంతకుముందు నేను "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి" అని చెప్పేవాణ్ని. వెనక కూర్చున్న ఒక పిల్ల "మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం మాస్టారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత మళ్లీ అప్పు మాట ఎత్తలేదు, "కట్ట విప్పుదాం" అనే చెప్పాను. మీరు చూసే ఉంటారు, "నూట ఐదు" రాయమంటే 1005 అని రాసే పిల్లలను. చెవికి వినిపించింది వినిపించినట్టు రాస్తారు, ముందు నూరు, దాని పక్కన ఐదు. అందులోనూ ఒక తర్కం ఉంది.

తప్పు జవాబు వెనక పిల్లవాడి లెక్క ఒకటి ఉంటుంది, తప్పు కొట్టే ముందు దాన్ని అడిగి తెలుసుకోవాలి. నాకంటూ ఏర్పడిన మొదటి నమ్మకం ఇదే. పెద్ద సంగతేం కాదు, నాకంటే ముందు ఎందరో చెప్పే ఉంటారు. కానీ నాకు అది నోట్సులోంచి రాలేదు. దాని ఖరీదు కూడా నాకు వెంటనే తెలిసింది. అడగాలంటే టైం కావాలి. అంతకుముందు రోజుకు పది లెక్కలిచ్చేవాణ్ని, నాలుగు చేశాను. సిలబస్ వెనకబడింది, హెచ్ఎం గారితో మాటలు పడ్డాను. ఒక్క లెక్క కూడా తగ్గించకుండా, టైంటేబుల్లో ఏమీ కదపకుండా నేను అదే మాట "నమ్ముతున్నాను" అని రాసుంటే అది ఉత్త కాగితమే అయ్యేది.

ఇప్పుడు మీ నోట్సు సంగతి. అందులో ఉన్న పెద్దలను పక్కన పెట్టమని నేననను. కానీ ఆ నోట్సు ఒక విషయం చెప్పదు: వాళ్లలో చాలామంది ముందు బడి నడిపారు, తత్వం తర్వాత రాశారు. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో ఒక చిన్న బడి పెట్టి పిల్లల మధ్య తన ఆలోచనలను పరీక్షించుకున్నాడు. మనం పరీక్షల కోసం బట్టీ పట్టే ఆయన పెద్ద గ్రంథం వచ్చింది 1916లో, ఇరవై ఏళ్ల తర్వాత. టాగోరు 1901లో శాంతినికేతన్‌లో గుప్పెడు మంది పిల్లలతో బడి మొదలుపెట్టాడు, వాళ్లలో ఆయన కొడుకు కూడా ఉన్నాడు. గాంధీ 1937లో వార్ధాలో చేతిపనితో చదువు నేర్పే నయీ తాలీం గురించి మాట్లాడటానికి పాతికేళ్ల ముందే దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో పిల్లలకు స్వయంగా పాఠాలు చెప్పాడు. ప్రకృతివాదం అనగానే చెప్పుకునే రూసో ఒక్కడూ వేరే. పిల్లవాణ్ని ఎలా పెంచాలో 1762లో ఐరోపా అంతటికీ చెప్పిన ఆయన తన ఐదుగురు పిల్లలను అనాథాశ్రమంలో వదిలేశాడు. మా లెక్చరర్ గారు ఈ ముక్క చెప్పలేదు. తర్వాత తెలిసినప్పుడు మాత్రం ప్రకృతివాదం మీద నేను రాసిన పదిహేను మార్కుల జవాబు గుర్తొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను.

మా జిల్లావాడు గిడుగు రామమూర్తి గారి సంగతైతే మరీ దగ్గరిది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరాడాయన. చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు ఉండేవారు. వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకు బడి నడిపాడు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం ఆ తర్వాతి కథ. అంటే, పిల్లవాడికి వాడి నోట్లో ఉన్న మాటతోనే చదువు మొదలవ్వాలన్న సంగతి ఆయన ముందు సవర పిల్లల దగ్గర చూశాడనే నేననుకుంటాను. మనం ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకు దండ వేసి, గ్రాంథికంలో ఉపన్యాసాలిస్తాం. అది వేరే సంగతి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను సీతంపేట కొండల్లో చేరినప్పుడు నా తరగతిలో సగానికి పైగా సవర పిల్లలే. తెలుగు వాచకం తెరిచి "పలక", "బలపం" అంటూ మొదలుపెట్టేవాణ్ని. వాళ్లు గోడకు ఆనుకుని నన్ను చూస్తూ కూర్చునేవారు. రెండు నెలలపాటు వాళ్లను మందబుద్ధులనే అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒక మధ్యాహ్నం వాళ్లు బడి వెనక ఏదో ఆటలో గట్టిగా వాదించుకుంటుంటే విన్నాను. గోడకు ఆనుకుని మూగగా కూర్చునే ఆ పిల్లే అక్కడ అందరికీ తీర్పు చెబుతోంది! భాష వాళ్లకు లేకపోవడం కాదు, నాకు లేదు. ఆ పిల్ల దగ్గరే రోజుకు రెండు మూడు మాటల చొప్పున నేర్చుకున్నాను. నేను తప్పు పలికితే వాళ్లు నవ్వేవారు. ఆ నవ్వుతోటే వాళ్ల నోళ్లు తెరుచుకున్నాయి. 2004లో సవర, కోయ, గోండి లాంటి భాషల్లో వాచకాలతో బహుభాషా విద్య మొదలైనప్పుడు చాలామంది టీచర్లు "ఇదేం గోల" అన్నారు. నాకు మాత్రం గోల అనిపించలేదు.

ఇంకో సంగతి ఉంది, ఎక్కువ సాగదీయను. ఒంటిపూట బడుల రోజులు. ఒక కుర్రాడు మూడు రోజులుగా చూచిరాత రాయడం లేదు. చెయ్యి చాపమని బెత్తంతో రెండు వేశాను. అప్పుడు చూశాను వాడి వేళ్లు. చర్మం ఊడిపోయి ఎర్రగా ఉన్నాయి. మా వైపు అది జీడి సీజను. పచ్చి పిక్కలు చీల్చి పప్పు తీస్తే తొక్కలోని జీడి రసం అంటుకుని వేళ్లు పుండ్లవుతాయి. వాడు వాళ్లమ్మతో పాటు రోజూ తెల్లారుజామున అదే పని చేసి బడికొస్తున్నాడు. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి పిల్లలను కొట్టడం నిషేధించింది. నేను బెత్తం అంతకు చాలా ముందే మానేశాను. మంచివాణ్నయి కాదు, ఆ వేళ్లు మళ్లీ చూడాల్సి వస్తుందేమోనన్న భయంతో.

మీరు గమనించారో లేదో, ఈ మూడు చోట్లా నేను తప్పు చేశాను. నా తత్వం మంచి పాఠం చెప్పిన రోజు తయారవలేదు. పాఠం బాగా కుదిరిన రోజు మనం ఇంటికెళ్లి హాయిగా టీ తాగుతాం, అంతే. పిల్లవాడు మనం అనుకున్నట్టు చెయ్యనప్పుడు మన చెయ్యి దేనికోసం వెళుతుంది? ఎర్ర పెన్నుకా, బెత్తానికా, చీపురు పుల్లలకా? అదే మీ అసలు తత్వం, మీరు రాసినా రాయకపోయినా. అది మీకు నచ్చేది కాకపోవచ్చు. నాది నాకు నచ్చలేదు.

అందుకే ఒక నోటుబుక్కు కొనుక్కోమన్నాను. ఎంఈఓ గారు (మండల విద్యాధికారి) సంతకం పెట్టే లెసన్ ప్లాన్ డైరీ కాదు, ఎవరికీ చూపించక్కర్లేనిది. బడి వదిలాక నాలుగు లైన్లు చాలు. ఈ రోజు ఏ పిల్లవాడి మాటో పనో నన్ను ఆశ్చర్యపరిచింది? అప్పుడు నేనేం చేశాను? ఎందుకలా చేశాను? ఈ "ఎందుకు" దగ్గర నిజం రాయండి. "టైం లేక", "కోపం వచ్చి", "పక్క తరగతి టీచరు వింటున్నారని" లాంటివి వస్తాయి. రానివ్వండి. మొదటి రెండు వారాలు చాలా చప్పగా ఉంటుంది, "అందరూ బాగా విన్నారు" లాంటివే రాస్తారు. పేరు లేని వాక్యం రాయకూడదని నియమం పెట్టుకోండి. ప్రతి వాక్యంలో ఒక పిల్లవాడి పేరు ఉండి తీరాలి.

రెండు మూడు నెలలకు ఆ పుస్తకం మొదటి నుంచి చదివితే మీరే మీకు కొత్తగా కనిపిస్తారు. నేను చదివినప్పుడు చూసిందేమిటంటే, నేను మెచ్చుకున్న చోట్లన్నీ మగపిల్లలు తొందరగా జవాబు చెప్పిన సందర్భాలే. ఆడపిల్లలను మెచ్చుకున్నది నోటుబుక్కు నీటుగా ఉందని, గొడవ చెయ్యలేదని. ఈ తేడా నేను కావాలని చేసింది కాదు, నాకు తెలియనే తెలియదు. "అబ్బాయిలు అమ్మాయిలు సమానం" అని స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా వాదించేవాణ్ని నేనే.

ఇంకో పని కూడా చేసి చూడండి. పొద్దున హాజరు పిలిచేటప్పుడు పిల్లలందరికీ తలా ఒక చింతపిక్క ఇవ్వండి. మీరు ఎవర్నైనా ప్రశ్న అడిగినా, పేరు పెట్టి పలకరించినా ఆ పిక్క వెనక్కి తీసుకోండి. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు తరగతిలో ముప్పై ఒక్క మంది. బడి వదిలేసరికి పదకొండు మంది చేతుల్లో పిక్కలు అలాగే ఉన్నాయి. ఒకమ్మాయి దాన్ని రోజంతా గుప్పిట్లోనే పట్టుకుందేమో, చెమటకు తడిసిపోయింది. "ప్రతి పిల్లవాడూ ముఖ్యమే" అని నేను అప్పటికి ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు.

పైనుంచి వచ్చే తత్వాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీకు ముందు ముందు చాలా వస్తాయి. నేను చేరేసరికి అప్పెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడుస్తుండేది, బ్రిటిష్ వాళ్ల సాయంతో. కృత్యాలు, జట్టు పని, పిల్లల పనులు గోడల మీద ప్రదర్శించడం లాంటి సూత్రాలు చెప్పేవారు. మంచి సూత్రాలే. కానీ ఇన్‌స్పెక్షన్ ముందురోజు సాయంత్రం కూర్చుని పిల్లల బొమ్మలకు దారం కట్టి వేలాడదీసిన టీచర్లలో నేనూ ఉన్నాను. తర్వాత డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, ఇప్పుడు 2020 విద్యా విధానం, పునాది అక్షరాస్యత, యాప్‌లు. ప్రతిదాంట్లో పనికొచ్చేవి ఉన్నాయి. అన్నిటినీ తిట్టేవాళ్ల మాటా వినకండి, అన్నిటికీ తలూపేవాళ్ల మాటా వినకండి. మీ నోటుబుక్కులో పేర్లున్న పిల్లల్లో ఎవరికి ఇది పనికొస్తుందో చూసుకుని, ఆ ముక్క గట్టిగా పట్టుకోండి. మిగతాది రిజిస్టరులో నింపాల్సినంత నింపెయ్యండి. రిజిస్టర్లతో యుద్ధం చేసి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

ఒక నమ్మకం మాత్రం నేను మార్చుకోవాల్సి వచ్చింది. మాతృభాషలోనే చదువు అని ఊరూరా చెప్పేవాణ్ని. ఒక తల్లిదండ్రుల మీటింగులో హమాలీ పని చేసే ఒక తండ్రి అంతా విని నెమ్మదిగా అడిగాడు: "మరి తమ బాబు ఏ బళ్లో సదువుతన్నాడు మాస్టారూ?" మా వాడు టౌన్లో ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో చదువుతున్నాడు. నేను ఏదో గొణిగి కూర్చున్నాను. అమ్మ మాటతో మొదలుపెడితేనే పిల్లవాడికి ఆలోచన వస్తుందని ఇప్పటికీ నమ్ముతాను, సవర పిల్లల దగ్గర కళ్లారా చూశాను కాబట్టి. కానీ ఇంగ్లీషు అడిగే తల్లిదండ్రులను తెలివితక్కువవాళ్లనడం ఆ రోజుతో మానేశాను. వాళ్లకేం కావాలో వాళ్లకు తెలుసు. అది అందేలా ఎలా చెప్పాలన్నది నా పని. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న ఇప్పటి పుస్తకాలు ఆ పనికి బాగా పనికొస్తాయి, రెండు పేజీలనూ వాడేట్టయితే. మీరు రాసే తత్వం మీ ఇంట్లో పిల్లలకు కూడా వర్తిస్తుందా అని ఒకసారి చూసుకోండి. మీటింగులో ఎవరో అడిగేదాకా ఆగకండి.

ఇక రేపో ఎల్లుండో ఇవ్వాల్సిన ఆ రెండు పేజీలు. నోటుబుక్కు నిండేదాకా ట్రైనింగువాళ్లు ఆగరు కాబట్టి ఉన్న మూడు నెలల్లోంచే రాయండి. "విద్య అనేది సర్వతోముఖాభివృద్ధికి" అని మొదలుపెట్టొద్దు. ఆ వాక్యం మీ బ్యాచ్‌లో సగం కాగితాల్లో ఉంటుంది. మీ తరగతిలో జరిగిన ఒక్క సంఘటనతో మొదలుపెట్టండి, మీరు తికమక పడిందైతే మరీ మంచిది. తర్వాత "నేను నమ్ముతున్నాను" అని రాసిన ప్రతిచోటా కిందనే "అందుకని నా తరగతిలో" అని ఇంకో వాక్యం రాయండి. ఆ రెండో వాక్యం రాకపోతే మొదటిది కొట్టెయ్యండి. "పిల్లలు భయం లేకుండా నేర్చుకోవాలని నమ్ముతున్నాను" అని ఆపితే అది ఎవరైనా రాసేదే. "అందుకని నా తరగతిలో తప్పు చెప్పిన పిల్లవాణ్ని నిలబెట్టను, ఎలా చేశావో బోర్డు దగ్గరికొచ్చి చూపించమంటాను, మిగతావాళ్లు నవ్వితే ముందు వాళ్లతో మాట్లాడతాను" అని రాస్తే అది మీదవుతుంది. మీరు ఇంకా చెయ్యలేకపోతున్నవి కూడా ఒకటి రెండు రాయండి. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఒక తరగతికి చెబుతుంటే రెండోది ఏం చేస్తోందో తెలియడం లేదని మీరు ప్రశ్నలోనే రాశారు కదా, అది అలాగే పెట్టండి. మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు సరిగ్గా ఆ చిక్కుకే, అంటే ఒకే గదిలో పలు తరగతులు ఉండే పల్లె బళ్ల కోసం, కార్డులతో పిల్లవాడు తన మెట్టు తానే ఎక్కే పద్ధతి తయారుచేశారు. మీ చిక్కు పేరు మీకు తెలిస్తే దానికి ఎవరు ఏం చేశారో వెతుక్కోవచ్చు. డ్యూయీని, టాగోరును కూడా అప్పుడు తెరవండి. ఇప్పుడు పాఠంలా కనిపించే వాక్యాలు అప్పుడు మీతో మాట్లాడతాయి.

రాసిన కాగితం మీద తారీకు వెయ్యడం మర్చిపోకండి. నేను 2001లో రాసుకున్నదొకటి ఇంకా నా దగ్గరుంది. అందులో సగం ఇప్పుడు ఒప్పుకోను, అందుకే దాచుకున్నాను.

సంక్రాంతి సెలవులకు ముందు ఒకసారి నోటుబుక్కును హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూడండి. అందులో ఒక్కసారి కూడా రాని పేర్లు ఎన్ని ఉన్నాయో నాకు రాయండి. నాకు మొదటిసారి పద్నాలుగు.